కింది వరుస లేని కరపత్రం

కోసింది నేనే. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. కాంట్రాక్టరు మనుషులు ప్రెస్సులో దూరి కోశారని మా ఊళ్లో ఇప్పటికీ కొందరు అంటారు. ఎన్నికల ఆఫీసువాళ్లే కుట్ర చేశారని ఇంకొందరంటారు. కుట్రల మీద ఇరవై ఏళ్లుగా ఉపన్యాసాలిస్తున్నవాణ్ణి, ఉంటే నేనే ముందు అరిచేవాణ్ణి. ఇందులో కుట్ర లేదు. కటింగ్ మిషను దగ్గర నిలబడింది నేను, పిడి లాగింది నేను.

ప్రెస్సు మా అన్నది. ఒక ఆఫ్‌సెట్ మిషను, ఒక కటింగ్ మిషను, వాన పడితే ఉబ్బి తెరుచుకోని చెక్క తలుపు. రసీదు పుస్తకాలు, పెళ్లి కార్డులు, మందుల దుకాణం కవర్లు వేస్తాడు. అన్న మాటకు పొదుపరి. నేను ఆ పొదుపంతా ఖర్చు పెట్టేవాణ్ణి. అందుకే ఊళ్లో నన్ను మైకు అంటారు. పని ఎక్కువైనప్పుడు వెళ్లి కాగితాలు కోసిపెడతాను, ధర్నాలు లేనప్పుడు.

వదిన ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. వాళ్లకు ఒక్కతే పాప. ఎనిమిదేళ్లది. పోయిన ఏడాది వానల్లో బడి మెట్ల పక్కనున్న గోడ కూలి దాని మీద పడింది. మిగతా పిల్లలు నీళ్లు తాగడానికి వెళ్లారు. ఇది చెప్పులు వేసుకోవడానికి మెట్టు మీద ఆగింది.

గోడలో ఇనుప కడ్డీలు లేవు. బిల్లులో ఉన్నాయి, గోడలో లేవు. విచారణ జరిగింది, నివేదిక వచ్చింది, వానలెక్కువ పడ్డాయని అందులో రాశారు. గోడ కట్టిన కాంట్రాక్టరు మా ఇంటికి వచ్చి, చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని పది నిమిషాలు కూర్చుని వెళ్లాడు. ఈ ఏడాది ఎన్నికల్లో నిలబడ్డాడు.

గోడ కూలిన రోజు నుంచి వదిన పాప గురించి మాట్లాడలేదు. మాట్లాడదలుచుకోక కాదు, మాట రాక. లాండ్రీలో కొత్తగా చేరినవాళ్లు పిల్లలెంతమందని అడిగితే దుప్పటి అంచులు కలుపుతూ ఉండిపోయేది. ఓసారి అన్న దగ్గర మొదలుపెట్టింది. "ఆ పొద్దున దాని జడ..." అంది. అంతే. గొంతుకు ఎవరో తాళం వేసినట్టు ఆగిపోయింది. అన్న లేచి పంపు దగ్గరికి పోయి ముఖం కడుక్కున్నాడు.

అలాంటి మనిషి ఒక ఆదివారం ప్రెస్సుకు వచ్చి, బల్ల మీద ఒక కాగితం పెట్టింది. నాలుగు రోజులు కూర్చుని రాసిందట.

"ఇది అచ్చు వేయండి. ఊళ్లో పంచుతాను."

అందులో ఉన్నది ఇంతే: "మా పాపకు ఎనిమిదేళ్లు. బడిలో మెట్ల పక్క గోడ కూలి చనిపోయింది. ఆ గోడలో కడ్డీలు లేవు. గోడ కట్టిన కాంట్రాక్టరు మీ ఓటు అడుగుతున్నారు. ఓటు మీ ఇష్టం. ఈ సంగతి తెలిసి వేయండి. ఇది నేను నోటితో చెప్పలేను, అందుకే రాశాను. ఇట్లు, పాప అమ్మ."

నేను వెంటనే కలం తీశాను. హంతకుడు అన్న మాట ఎక్కడా లేదే, పైన పెద్ద అక్షరాల్లో పెడదాం అన్నాను. వదిన కాగితం వెనక్కి లాక్కుంది. "నీ మాటలొద్దు. ఇది నాది," అంది. అన్న నవ్వాడు. పాప పోయాక అన్న నవ్వడం అదే మొదటిసారి. "ఒరేయ్ మైకూ, నిన్ను ఆఫ్ చేసే స్విచ్చు మీ వదిన దగ్గరుందిరా," అన్నాడు.

ఇక చట్టం సంగతి. ఎన్నికల్లో నిలబడని మనిషి ఎవరైనా, నిలబడినవాడి గురించి మంచో చెడో అచ్చు వేసి పంచాలంటే ముందు ఎన్నికల ఆఫీసులో పేరు నమోదు చేసుకోవాలి. ప్రతి కాగితం కింద అచ్చు వేసినవాడి పేరు, వేయించినవాళ్ల పేరు, ఎన్ని ప్రతులో ఉండాలి. ఆ వరుస లేకపోతే అది దొంగ కరపత్రం. పట్టుకుపోతారు, ప్రెస్సుకు సీలు వేస్తారు.

ఈ చట్టం ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చెబుతాను, చెప్పకుండా దాటేస్తే నాకే సిగ్గు. ఏడేళ్ల కిందట మా కార్మిక సంఘం తరఫున ఒక పారిశుద్ధ్య కార్మికురాలు పోటీ చేసింది. పోలింగుకు రెండు రోజుల ముందు ఆమె మీద ఊరంతా ఒక కరపత్రం పడింది. ఆడమనిషి మీద ఏం రాస్తారో అదే రాశారు. అచ్చు వేసిందెవరో, డబ్బిచ్చిందెవరో దాని మీద లేదు. ఆమె ఓడిపోయింది. ఓడిపోవడం సరే, పిల్లల్ని తీసుకుని ఊరు వదిలి పోయింది. అప్పుడు నేను ఎన్నికల ఆఫీసు ముందు పదకొండు రోజులు కూర్చున్నాను. "పేరు లేని కాగితం పిరికివాడి కత్తి" అని బోర్డు రాసింది నేనే. సంతకాలు సేకరించింది నేనే. మాలాగే ఇంకా చాలా ఊళ్లవాళ్లు కూర్చున్నారు, చట్టం వచ్చింది. ఆ రోజు అందరికీ టీలు పోయించాను.

మేము అడిగినవి రెండు. ఒకటి, కాగితం మీద పేరుండాలి. రెండు, ఎన్నికల్లో ఎవరు ఖర్చు పెట్టినా దానికి ఒక హద్దుండాలి. మొదటిది నిలబడింది. రెండోది పెద్ద కోర్టులో కొట్టుకుపోయింది. సొంత డబ్బు పెట్టి సొంత అభిప్రాయం చెప్పుకోవడం వాక్‌స్వాతంత్ర్యమట, ఆ డబ్బుకు గీత గీస్తే నోటికి గీత గీసినట్టేనట. కాబట్టి ఇప్పుడు మా ఊళ్లో ఎటు చూసినా కాంట్రాక్టరు ముఖమే. బస్టాండు మీద, నీళ్ల ట్యాంకు మీద, ఆసుపత్రి గేటుకు ఎదురుగా. వాటిని పెట్టింది కాంట్రాక్టరు కాదు, "ఊరి మేలు కోరే మిత్రులు" అనే ఒక సంఘం. నమోదైంది, పేరుంది, ప్రతి బోర్డు కింద చీమంత అక్షరాల్లో ఆ వరుస కూడా ఉంది. అంతా చట్టప్రకారం. వదిన రోజూ లాండ్రీకి ఆ నవ్వు కింద నుంచే నడిచి వెళ్లేది.

వదిన ఎన్నికల ఆఫీసుకు వెళ్లి పేరు నమోదు చేయించుకుంది. అక్కడి అధికారిణి నడివయసు మనిషి, కళ్లజోడును దారంతో మెడలో వేలాడదీసుకుంటుంది. కాగితం రెండుసార్లు చదివింది. అచ్చయ్యాక ఒక ప్రతి తనకు పంపాలని చెప్పి, ఫారం తనే నింపిపెట్టిందట. వదిన ఇంటికొచ్చి ఆ రసీదును బియ్యం డబ్బా మీద, రోజూ కనబడేలా పెట్టుకుంది.

అన్న అచ్చు వేశాడు. రెండు వేల ప్రతులు. ఒక్కో పెద్ద షీటు మీద పక్కపక్కన నాలుగు. ప్రతి దాని కిందా అచ్చంగా చట్టం చెప్పిన వరుస పెట్టాడు. మా ప్రెస్సులో ఒక అలవాటుంది. పెళ్లి కార్డులవాళ్లు ప్రెస్సు పేరు కనబడితే సణుగుతారని అన్న ఆ వరుసను ఎప్పుడూ బాగా కిందకు, అంచుకు ఆనించి, చిన్న అక్షరాల్లో పెడతాడు. చేతి అలవాటు, ఇక్కడా అక్కడే పెట్టాడు. ఆరీ ఆరకముందే మొదటి షీటు నుంచి ఒక ముక్క కత్తెరతో కత్తిరించి ఆఫీసులో ఇచ్చిరావడానికి వెళ్లాడు. నన్ను మిగతావి కోసిపెట్టమన్నాడు.

షీట్లను బల్లకు కొట్టి అంచులు సరిచేసి మిషను కింద పెట్టాను. చూస్తే రోలరు నుంచి సిరా కారి కింది అంచు పొడుగునా నల్లటి మరక. అన్ని ప్రతులకూ. వెంట్రుకంత. మామూలు రోజైతే పట్టించుకునేవాణ్ణి కాదు. నా కరపత్రాలు ఎప్పుడైనా శుభ్రంగా ఉన్నాయా? మరకలుంటేనే జనం నమ్ముతారని వాదించేవాణ్ణి. కానీ ఇది వదిన నాలుగు రోజులు కూర్చుని రాసింది, దాని కింద మురికి ఉండకూడదనిపించింది. బ్లేడును వేలెడు మందం పైకి జరిపి పిడి లాగాను. తెల్లగా, ముత్యంలా వచ్చింది. అడుగున పడిన సన్నటి కాగితం పీలికలు ఊడ్చి బుట్టలో వేశాను. ఆ పీలికల్లోనే ఉన్నాయి అన్న పేరు, వదిన పేరు, రెండు వేలు అన్న అంకె.

వదిన వచ్చి కట్ట చేతిలోకి తీసుకుని, పైదాన్ని నిమిరి, "బాగా వచ్చిందయ్యా" అంది. అన్న వచ్చేసరికి ఆమె కట్ట కట్టుకుని వెళ్లిపోయింది.

అరవై ఇళ్లే తిరిగింది. ఇంటి ముందు నిలబడి, కాగితం అందించి, నమస్కారం పెట్టి కదిలేదట. అరవై ఒకటో ఇంటి దగ్గర కాంట్రాక్టరు మనిషి కాగితం తీసుకుని, పైనుంచి కిందికి చదివి, వెనక్కి తిప్పి చూసి, ఫోను తీశాడు. మధ్యాహ్నానికి కట్టలు ఎన్నికల ఆఫీసులో, ప్రెస్సు తలుపుకు ఎర్ర లక్క సీలు.

మర్నాడు విచారణ. ఫ్యాను తిరిగే చిన్న గది, నాలుగు కుర్చీలు, అధికారిణి ముందు వదిన కరపత్రం. పక్కన అన్న ముందురోజు ఇచ్చిన ప్రతి. మొదటి షీటుది కాబట్టి దానికి మరక లేదు, కింద ఆ వరుస చక్కగా ఉంది. అదే మమ్మల్ని కాపాడుతుందనుకున్నాను.

కాంట్రాక్టరు వకీలు చిన్నవాడు, మర్యాదస్థుడు. వదినను అమ్మగారు అనే పిలిచాడు. అమ్మగారి దుఃఖాన్ని ఎవరూ కాదనరని, ఆమెకు మాట్లాడే హక్కు లేదని తామెప్పుడూ అనలేదని, ఆ హక్కు కోసం తానే పెద్ద కోర్టులో వాదించానని చెప్పాడు. ఖర్చుకు హద్దు వద్దని ఆ "ఊరి మేలు కోరే మిత్రులు" సంఘం తరఫున వాదించింది అతనేనని అప్పుడు తెలిసింది. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు. ఆఫీసుకు ఇచ్చినదాంట్లో పేరుంది, జనానికి ఇచ్చినదాంట్లో లేదు. అంటే మరిచిపోలేదు, చట్టం తెలుసు, తెలిసి కోశారు. అంతే చెప్పి కూర్చున్నాడు.

నేను లేచాను. "నేనండీ కోసింది. మా వదినకు తెలియదు, అన్నకు తెలియదు."

"ఎందుకు కోశారు?" అని అధికారిణి అడిగింది.

"మరక ఉందండీ."

గదిలో ఎవరో నవ్వారు. వకీలు నవ్వలేదు. పదకొండు రోజులు ఈ చట్టం కోసమే కూర్చున్న పెద్దమనిషికి ఆ వరుస విలువ తెలియదంటే ఎవరు నమ్ముతారని మెల్లగా అడిగాడు. నా ఫొటో ఉన్న పాత పేపరు ముక్క తెచ్చాడు. చేతిలో బోర్డు, నోరంతా తెరిచి ఉన్నాను.

ఇరవై ఏళ్లలో నా నోరు మూతబడ్డ సందర్భం అదొక్కటే.

అధికారిణి చాలాసేపు రాసింది. పట్టుకున్న కరపత్రాలు తిరిగి ఇవ్వడానికి లేదు. ఓట్ల లెక్కింపు దాకా ప్రెస్సు తెరవడానికి లేదు. నమోదు రద్దు, అంటే వదిన ఇంకే ప్రెస్సులోనూ అచ్చు వేయించడానికి లేదు. అన్న మీద కేసు తర్వాత నడుస్తుంది. మళ్లీ ఉల్లంఘన జరిగితే వదినకు జైలు. చదివి వినిపించి కళ్లజోడు తీసింది.

"నోటితో చెప్పుకోవచ్చమ్మా," అంది వదినతో. "పోలింగుకు రెండు రోజుల ముందు దాకా ఇంటింటికీ వెళ్లి చెప్పుకోండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎవరూ ఆపరు."

వదిన తల ఊపింది. అధికారిణి మంచి మనిషే, మంచి మాటే చెప్పాననుకుంది. ఎదురుగా ఉన్న కాగితంలో "నోటితో చెప్పలేను" అన్న వరుస మీద ఆమె చెయ్యి ఆనించి ఉంది.

అయినా వదిన వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను, అన్న రాలేనన్నాడు. మొదటి గుమ్మంలో ఒక దర్జీ. వదిన నమస్కారం పెట్టి, "మా పాపకు..." అంది. దర్జీ కత్తెర కింద పెట్టి ఎదురుచూశాడు. ఆమె పెదవులు కదులుతున్నాయి, గాలి తప్ప ఏమీ రావడం లేదు. అతను లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చాడు. రెండో గుమ్మంలో ఆ మాత్రం కూడా రాలేదు. మూడో గుమ్మంలో నేను ఆగలేకపోయాను.

నేను చెప్పాను. గోడ గురించి, కడ్డీల గురించి, బిల్లు గురించి, విచారణ గురించి. నాకు తెలిసిన పద్ధతిలోనే చెప్పాను, ఇంకే పద్ధతీ తెలియదు. చెయ్యి దానంతట అదే పైకి లేచింది. ఇంటివాళ్లు ముగ్గురు, పక్కింటివాళ్లు నలుగురు చేరారు. చివర్లో ఒకాయన, "మైకు మళ్లీ మొదలెట్టాడురా, ఈసారి ఏ పార్టీ?" అన్నాడు. ఎగతాళికి కాదు, అలవాటుకొద్దీ.

వదిన నా చొక్కా పట్టుకుని పక్కకు లాగింది. "ఇక చాలు. నీ నోట్లో పడి నా పాప కూడా ఉపన్యాసమైపోయింది. ఇంటికి పోదాం పద."

ఇంటి దారి పట్టాం. ఆసుపత్రి గేటు దగ్గర బోర్డు మీద కాంట్రాక్టరు చిన్నపిల్లల మధ్య నిలబడి నవ్వుతున్నాడు. ఆమె తల ఎత్తలేదు.

ప్రచారం ముగిసింది. రెండు రోజులు ఎవరూ ఏమీ అనకూడదు. ఆ రెండు రోజులూ బోర్డులు మాత్రం ఉన్న చోటే ఉన్నాయి. ముందే పెట్టినవాటిని తీయాలని చట్టంలో లేదట.

పోలింగు నీళ్ల బిల్లులు కట్టే ఆఫీసులో పెట్టారు. పొద్దున్నే అన్న ఓటేసి, తలుపు సీలు చూసివస్తానని ప్రెస్సు వైపు పోయాడు. రోజూ చూసివస్తున్నాడు, ముట్టుకోడు. నేనూ వదినా తొమ్మిదింటికి వరుసలో నిలబడ్డాం. గేటుకు వంద అడుగుల అవతలే సున్నంతో గీత గీశారు. గీత లోపల అభ్యర్థుల గురించి ఎవరూ నోరెత్తకూడదు. వదిన ముందు ఒక ముసలామె, ఆమె ముందు ఎండకు టోపీ పెట్టుకున్న పోస్టుమాన్, వదిన వెనక నేను, నా వెనక ముప్పై నలభై మంది. వరుస కదలడం లేదు. లోపల యంత్రం మొరాయించిందన్నారు.

ముసలామె మోకాళ్ల నొప్పి గురించి కాసేపు చెప్పింది. కోడలి గురించి ఇంకాసేపు. తర్వాత వెనక్కి తిరిగి, ఊసుపోక అడిగింది.

"నీకు పిల్లలెంతమంది తల్లీ?"

నేను అడ్డుపడబోయాను. వదిన అప్పటికే మాట్లాడుతోంది.

"ఒక్కతేనండి. ఎనిమిదేళ్లు. ఆ పొద్దున దాని జడ సరిగ్గా కుదరలేదు, మళ్లీ వేస్తానంటే వద్దు, బడికి ఆలస్యమవుతుందని పరుగెత్తింది. చెప్పు పట్టీ తెగి ఉంది, నేను కుట్టలేదు. సాయంత్రం కుడతానన్నాను. బడి మెట్ల దగ్గర ఆ చెప్పు వేసుకోవడానికే ఆగిందట. గోడ కూలి దాని మీద పడింది. గోడలో కడ్డీలు లేవండి. నేను వెళ్లి ఇటుకలు తీసి చూశాను, చేత్తో తీస్తే వచ్చేశాయి. కట్టినాయన మా ఇంటికొచ్చి కూర్చున్నాడు, మంచినీళ్లిచ్చాను. ఆయనే ఇప్పుడు ఓటు అడుగుతున్నాడు."

గొంతు పెంచలేదు. దుప్పటి మడత పెట్టినట్టు, అంచుకు అంచు కలిపి చెప్పింది. పోస్టుమాన్ టోపీ తీశాడు. నా వెనక ఎవరో ముక్కు చీదారు. ముసలామె వదిన చెయ్యి పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే నిమిరింది. ఏడాదిగా తిరిగిన తాళం చెవి ఎక్కడ పట్టిందో నాకు తెలియదు. తాళం మాత్రం తెరుచుకుంది.

గేటు దగ్గర కూర్చున్న కాంట్రాక్టరు ఏజెంటు లేచి వచ్చాడు. దూరాన ఉన్నాడు, చివరి మాట అందింది. గీత లోపల ప్రచారం చేస్తోంది, ఈమె మీద ఇదివరకే ఉత్తర్వు ఉంది అని లోపలికి పోయి చెప్పాడు. పోలింగు అధికారి పుస్తకం పట్టుకుని బయటకు వచ్చాడు. బక్కపలచటి మనిషి, చెమటలు పడుతున్నాయి. ఏజెంటు మాట ఒక్కటే చాలదు, ఇంకెవరైనా విన్నారా, విని ఉంటే పేరు రాసుకుంటాను, సంతకం పెట్టాలి అన్నాడు.

మొదట ముసలామెను అడిగాడు. "నాకు చెవుడు నాయనా," అంది ఆమె.

పోస్టుమాన్‌ను అడిగాడు. ఆయన టోపీ మళ్లీ పెట్టుకుని, ఎండ గురించి ఏదో అనుకుంటున్నాం తప్ప ఇంకేం లేదన్నాడు. నా వెనకనున్న ఆమె ఇంకా కళ్లు తుడుచుకుంటూనే, ఏమీ వినలేదంది. ఆ వెనకవాళ్లు, ఆ వెనకవాళ్లు, అందరూ అదే మాట. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. ముప్పై నలభై మంది, పరిచయమైనా లేనివాళ్లు, ఒక మనిషిని జైలు నుంచి తప్పించడానికి వరుసగా అబద్ధమాడారు. జనం మీద నాకున్న నమ్మకం ఎప్పుడైనా నిజమైందంటే అప్పుడే అయింది.

చివరికి నన్ను అడిగాడు. "మీరు పక్కనే ఉన్నారు కదా?"

వదిన నా వైపు చూసింది. ఏడాది తర్వాత మొదటిసారి నోరు తెరుచుకుంది, ఇంతమంది విన్నారు, ఒక్కడైనా విన్నానని అనాలి. ఆ చూపులో ఉన్నది అదే. విన్నానంటే ఆమె పేరు పుస్తకంలోకి, అక్కణ్ణుంచి జైలుకు. అన్న ఒక్కడూ సీలు వేసిన తలుపు ముందు.

"లేదండీ," అన్నాను. "నేనేమీ వినలేదు."

ఏజెంటు ఏదో అనబోయి, అంతమందిని చూసి ఊరుకున్నాడు. అధికారి పుస్తకం మూయబోతుంటే వదిన ఒక అడుగు ముందుకు వేసింది.

"చెప్పానండీ. నేను చెప్పాను. మా పాప గురించి చెప్పాను."

ఆయన ఆమె ముఖం చూశాడు. ఆయనకూ అర్థమైంది. ఆమెను కాపాడదామనే, గొంతు తగ్గించి, ఎంతో దయగా అన్నాడు.

"ఎవరూ వినలేదమ్మా. వినకపోతే చెప్పినట్టు కాదు. లోపలికి వెళ్లి ఓటేసుకోండి."

పుస్తకం మూసేశాడు. యంత్రం బాగైందని లోపలి నుంచి కేక వినిపించింది, వరుస కదిలింది. ముసలామె వదిన చెయ్యి వదిలి ముందుకు నడిచింది. వదిన నిలబడే ఉంది. వెనకవాళ్లు ఆమెను తొయ్యలేదు, తొందరపెట్టలేదు, దాటిపోనూ లేదు. ఆమె కదిలేదాకా, ఏమీ విననివాళ్లలాగే, అందరం ఎండలో నిలబడి ఉన్నాం.